మగ్గం చప్పుడున్న పాట

చనిపోయిన భర్త సాయినాథ్ పాట వింటూ మగ్గం మీద కూర్చోవడం ధర్మవరం హేమావతికి అలవాటు. ఆ పాట తమదంటూ ఒక కంపెనీ, ఆయన పెట్టిన పాటల యాప్‌లోంచి దాన్ని తీయించినప్పటి నుంచి, ఆమె పళ్లు బిగించి నేస్తోంది. ఇవాళ హిందూపురం నుంచి కంపెనీ మనిషి ఫోన్ చేశాడు.

"మీ ఆయన ఫోన్‌కు ఓటీపీ వస్తాది, సాయంత్రంలోపల చెప్పమ్మా. పాట మా పేరుకు మారితే మళ్లీ వినొచ్చు. ఆ టకటక మాత్రం తీసేస్తాం."

"అది నా మగ్గం చప్పుడప్పా! ఆయన పాడతాంటే నేను పక్కనే నేస్తాంటి."

"నీ మగ్గం ఎవురికి కావాలమ్మా? గొంతు చాలు."

ఆ గొంతు కోసమే ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. ఓటీపీ రావాల్సిన సాయినాథ్ ఫోన్‌లో చార్జింగ్ రెండు శాతానికి దిగింది. ఆయన పోయిన ఈ మూడు నెలల్లో ఒక్కపూటైనా దాన్ని ఆరిపోనివ్వలేదు. చార్జర్ చేతికందేంత దూరంలోనే వేలాడుతోంది. హేమావతి దాన్ని అందుకోలేదు.