కాళ్ళు నానని చిట్టి చెట్లు

మా ఎదురింటి నర్సమ్మ పోయింది. వికారాబాదును చలికాలపు ముసురు పట్టిన రోజుల్లో, తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయింది. కబురు తెచ్చిన ఆమె మేనల్లుడు ఏడుస్తూనే, "మీరంటే అత్తకు మస్తు ఇష్టం సార్. కొట్లాడనీకి ఇంకెవరు దొరకలే" అన్నాడు. నిజమే. ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నాం. ఆమె చెట్ల గురించి.

పోలీసు చర్య నాటికే ఆమె అనంతగిరి మీది క్షయ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తోంది. చలి అనీ వాన అనీ బంధువులు కిటికీలు మూసి, రోగికి రగ్గు మీద రగ్గు కప్పేవారు. ఆమె వచ్చి అన్నీ తెరిచేది. మన దగ్గర ప్రేమంటే తలుపులు మూయడమే కదా! రోగి మీదా, ఆడపిల్ల మీదా, కొత్త ఆలోచన మీదా. ఈ తలుపులు మూసే జబ్బుతో ఆమె జీతం తీసుకుని పోరాడింది, నేను జీతం లేకుండా సభల్లో మాట్లాడుతూ, పత్రికలకు రాస్తున్నాను.

రిటైరై గుట్ట దిగాక చెట్లే ఆమెకు రోగులయ్యాయి. గోడ పగుళ్ళలో మొలిస్తే మేస్త్రీలు పీకి పారేసిన రావి, చింత మొక్కలను లోతులేని కుండీల్లో నాటింది. కొసలు కత్తిరిస్తూ జానెడు ఎత్తులోనే వాటిని ముసలి చెట్లను చేసింది. నాకు ఒళ్ళు మండింది.

"ఆకాశమంత పెరిగేదాన్ని మూకుడ్ల పెట్టుడు దొరతనం గాదా నర్సమ్మా?"

"పారేసినదానికి మూకుడన్న ఇచ్చిన. నువ్వేమిచ్చినవ్ లీడర్ సాబ్, ఉపన్యాసమా? జర గా బండముక్క అందియ్యి."

ఆ ముక్కలు మేనల్లుడు తాండూరు నుంచి తెచ్చినవి. ముసురు పట్టగానే ప్రతి కుండీ కిందా ఒక పక్క ముక్క పెట్టి వాల్చేది, నీళ్ళు అడుగు చిల్లులోంచి జారిపోవాలని. "ఒళ్ళు తడిస్తే ఏం గాదు, కాళ్ళు నానొద్దు" అనేది. చలికి ఆకు రాల్చిన రావికి నేనొకసారి ఎరువు వేయబోతే చేతి మీద ఒక్కటిచ్చింది. "పండుకున్నోళ్ళను లేపి అన్నం పెడ్తరా?"

మూడో రోజు వాళ్ళింట్లో క్రైస్తవ పద్ధతిలో పెట్టిన ప్రార్థనకు వెళ్ళాను. దేవుడితో నాకు పనిలేదు, ఆమెతో ఉంది. నడింట్లో అడుగుపెట్టి నిర్ఘాంతపోయాను. ఎప్పుడూ వాకిట్లో ఉండే కుండీలన్నీ లోపలే! తలుపులు మూసి, గోనెలు చుట్టి, మొదళ్ళు మునిగేలా నీళ్ళు పోశారు.

"అత్త పానం సార్ గివి. చలిల వదిలేస్తమా?" అన్నాడు మేనల్లుడు.

"గిట్లనే ఉంచితే వేర్లు కుళ్ళి సస్తయి! ముందు తలుపు తియ్యి!" అని అరిచాను.

"సావు జరిగినింట్ల గీ లొల్లేంది?" అని ఒక ముసలమ్మ గదమాయించింది.

"లొల్లి లేకుంటే గిది నర్సమ్మ ఇల్లెట్లయితది?" అంది పక్కనున్నావిడ.

ఇక ఎవరికీ నవ్వు ఆగలేదు. చివరికి పాస్టరు గారే చొక్కా చేతులు మడిచి పెద్ద చింత కుండీ ఎత్తి వాకిట్లోకి నడిచారు. ఆ రోజు ప్రార్థన ఆలస్యంగా, బురద చేతులతో జరిగింది.

నా వాదన మారలేదని పాఠకులకు మనవి. చెట్టుకు నేలే కావాలి. అయితే నేల దొరికేదాకా దానికి గాలి ఆడాలి, కాళ్ళు నానకూడదు. ఇది ఆమె మాటేనని ఏ సభలోనైనా చెబుతాను.

ముసురు ఇంకా పడుతోంది. ఆకులేని రావి కింద మేనల్లుడు బండముక్క జరిపి, "గిట్లనేనా లీడర్ సాబ్?" అని అడిగాడు. కుండీ ఒక పక్కకు ఒరిగింది. అడుగునుంచి నీళ్ళు సన్నటి ధారగా బయలుదేరి, వాకిలి దాటి, వీధి దాటి, మా ఇంటివైపే వచ్చాయి.