రేసు కారుకు దసరా పూజ

మా తమ్ముడు దుబాయి నుంచి తెచ్చుకున్న బొమ్మ పద్నాలుగు నెలలు నా బీరువాలో ఉంది. సీలు విప్పని డబ్బా. ముందువైపు పల్చటి ప్లాస్టిక్ వెనక ఒక మరమనిషి నిలబడి ఉంటాడు. వెనకవైపు అదే మరమనిషి రేసు కారుగా మారిన ఫొటో. ఇట్లాంటివి దాచుకునేవాళ్లు ఉంటారని, డబ్బా తెరవనంత కాలమే వాటికి విలువని తమ్ముడు చెప్పేదాకా నాకు తెలియదు. తొమ్మిదేళ్లు అక్కడ పనిచేసి వాడు తనకంటూ కొనుక్కున్నది అదొక్కటే.

తిరిగొచ్చి సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేసే పనిలో కుదిరాడు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు.

"వాళ్ల చేతుల వడ్డదంటె గంటల పుర్జలు పుర్జలు చేస్తరక్కా. నీ తాన ఉండనీ. తెరువకు మల్ల," అన్నాడు.

కోరుట్లలో నేనొక్కదాన్నే ఉంటాను. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. భర్త పోయారు, పిల్లలు లేరు. దుబాయి నుంచి వచ్చాక, డబ్బా నాకివ్వకముందు, తమ్ముడు ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. డబ్బా ఇచ్చాక ప్రతి నెలా మొదటి ఆదివారం, జగిత్యాలలో బస్సు మారి, పదకొండున్నరకల్లా గడపలో ఉండేవాడు. డబ్బాను ఒళ్లో పెట్టుకుని కాసేపు చూసేవాడు. అన్నం తిని మూడింటి బస్సుకు వెళ్లేవాడు. క్యాలెండరులో ఆ తేదీల చుట్టూ సున్నా చుట్టేదాన్ని. 2011 సెప్టెంబరు దాకా పన్నెండు సున్నాలు. వాడు వచ్చేది డబ్బా కోసమని తెలుసు. దేనికోసమైతేనేం, వచ్చేవాడు.

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగాయి. అక్టోబరు మొదటి ఆదివారం వాడు రాలేదు. ఆ గురువారం దసరా, సమ్మెకు ఇరవై నాలుగో రోజు.

మా వైపు దసరాకు ఇంట్లో బండి ఉంటే, సైకిలైనా సరే, కడిగి బొట్లు పెట్టి చక్రాలతో నిమ్మకాయలు తొక్కించాలి. ఎదురింటి వాళ్లు మోటారు సైకిలు కడుగుతున్నారు. నేను కుట్టుమిషనుకు, కత్తిపీటకు బొట్లు పెట్టి బీరువా వైపు చూశాను. తమ్ముడి బండి నా ఇంట్లో ఉంది. పూజ లేకుండా వదిలేస్తే వాడికేమవుతుందోనని భయం పట్టుకుంది. బొమ్మేనని తెలుసు. అయినా సీలు చించాను.

లోపలున్నది మనిషి. మనిషితో నిమ్మకాయ తొక్కించలేం కదా! వెంట వచ్చిన కాగితంలో ఇరవై ఆరు బొమ్మలున్నాయి, ఒక్కో బొమ్మకు ఒక్కో మడత. తొమ్మిదింటికి కూర్చున్నాను. పదకొండు యాభైకి తల లోపలికి పోయి, కాళ్లు ముడుచుకుని కారైంది. పండుగపూట ఇంటికి ఎవరూ రాలేదన్న సంగతి ఆ రెండు గంటల యాభై నిమిషాలు నాకు గుర్తు రాలేదు.

చక్రాలు గోలీలంతే ఉన్నాయి కాబట్టి పెరట్లో చెట్టు కింద రాలిన నిమ్మపిందెలు ఏరి తొక్కించాను. తెల్లటి ముందుభాగానికి పసుపు రాశాను. మర్నాడు సబ్బుతో మూడుసార్లు కడిగినా పసుపు వదల్లేదు. తిరిగి మనిషిని చేస్తే అది సరిగ్గా ఛాతీ మీదికి వచ్చింది.

బీరువా తాళంచెవి పోయిందని చెప్పొచ్చు. ఆ ఒక్క అబద్ధంతో ఇంకో నెల గడిచేది. బస్సులు మళ్లీ నడిచాక, నవంబరులో వాడు వచ్చి చెప్పులు విడవకముందే చెప్పేశాను.

"డబ్బ తెరిచిన్రా. దసరాకు పూజ చేసిన."

"దేనికి?"

"నీ కారుకు."

బొమ్మను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "నిమ్మకాయలు గూడ తొక్కిచ్చినవా?"

"నాలుగు."

నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగింది. "ఇగ దీన్ని దాసుడెందుకక్కా? పిల్లలకిస్త, ఆడుకుంటరు."

"ఈడనే ఉండనీరా."

"ఈడెందుకే? నువ్వు ఆడుకుంటవా ఏంది?"

ఆడుకుంటాననే చెప్పాల్సింది, అన్నం వడ్డించడానికి వెళ్లాను. వాడు బొమ్మను సంచిలో వేసుకుని మూడింటి బస్సుకు వెళ్లిపోయాడు.

డిసెంబరు మొదటి ఆదివారం రెండు గ్లాసుల బియ్యం కడిగాను. రెండయ్యేదాకా చూసి ఫోను చేశాను. తమ్ముడి చిన్న కూతురు ఎత్తింది.

"అత్తా, కారు మల్ల మనిషైతలేదు. ఎట్ల?"

చివరి మడత నుంచి వెనక్కి చెప్పడం మొదలుపెట్టాను. తల దాకా వచ్చామో లేదో, "అయింది, అయింది!" అని అరిచి ఫోను పెట్టేసింది.

వాళ్ల నాన్న ఎప్పుడు వస్తాడని అడగడానికే చేశాను.