అమావాస్యకే బయలుదేరదాం

అమావాస్య నాడు మీరు ప్రయాణం పెట్టుకుంటారా? పెట్టుకోరు. ఎందుకు పెట్టుకోరు?

ముప్పై ఏళ్ళుగా సభల్లో ఈ ప్రశ్న అడుగుతూ వచ్చాను. అడిగినప్పుడల్లా కొందరు నవ్వారు, కొందరు తల దించుకున్నారు. ఎవరూ జవాబు చెప్పకపోతే నేను గెలిచాననుకున్నాను. దీనికి సముద్రం మీద ఒక జవాబు ఉంది. అది నా చెవికెక్కడానికి ఒక మనిషి పోయాడు.

ఆబిడ్స్‌లో, ఆదివారాలు పాత పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్‌కు ఎదురుగా, ఒక గడియారాల దుకాణం పైన మా హేతువాదుల గది. సభ్యులం పదిమందిమి, వచ్చేది నలుగురైదుగురం. అల్మారా నిండా కరపత్రాలు. వాటి మధ్య ప్రతి ఉగాదికీ ఒక కొత్త పంచాంగం. బేగం బజార్ వెళ్ళి మేమే కొనుక్కొచ్చేవాళ్ళం. మా ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు ఆషాఢంలో జరగాలి, గృహప్రవేశం మంగళవారం జరగాలి, ఊరికి రాహుకాలంలో బయలుదేరాలి. చెడ్డ రోజు ఏదో తెలియాలంటే పంచాంగం చూడక తప్పదు. ఏ పురోహితుడూ చూడనంత శ్రద్ధగా చూసేవాళ్ళం.

ఎనిమిదేళ్ళ కిందట ద్వీపాల ప్రయాణానికి ఆ గదిలోనే పథకం వేశాం. ఆలోచన నా స్నేహితుడిది. ఆయన బషీర్‌బాగ్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. సెలవు రోజుల్లో హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాడు.

"గీ చెరువుల గిరగిర తిరిగి తల తిరుగుతుంది భాయ్. నా చేతులకు ఒక్కసారన్న సముద్రం చూపియ్యాలె" అనేవాడు.

అండమాన్‌లో ఒక ద్వీపాల గుంపు చుట్టూ, కిరాయి పడవలో, ఆరు రోజులు. కింద ఫుట్‌పాత్ మీద దొరికిన పాత సముద్ర పటాన్ని తెచ్చి గోడకు అంటించాడు. దాని నిండా లోతుల అంకెలు. వాటి మధ్య పెన్సిలుతో ఒక గీత గీశాడు: మొదటి రాత్రి ఈ ఒడ్డున లంగరు, రెండో రోజు రెండు దీవుల నడిమి సందులోంచి అవతలి వైపుకి, అక్కడ గాలి అనుకూలిస్తే ఉత్తరంగా. మంచినీళ్ళు ఎన్ని క్యాన్లు కావాలి, స్టవ్ గాలికి ఆరిపోకుండా ఏం చేయాలి, ముందుగా ఎవరు వాంతి చేసుకుంటారు, అన్నీ ఆ గోడ ముందే తేలాయి.

తారీకు మాత్రం నేను పెట్టాను. పంచాంగం తెరిచి పెట్టాను. "అమావాస్యకే బయలుదేరదాం. ఫోటోలు దిగుదాం. వచ్చినంక సభ పెడదాం."

అక్కడి పడవ మనిషి పెద్దాయన. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వలసపోయిన కుటుంబం. ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచాం. తారీకు చెప్పాం.

"అమాసకి వద్దు బాబూ. ఆ సందులోకి అసలే ఎల్లకండి. ఓ వారం పోనివ్వండి."

"ఎందుకు తాతా? దయ్యాలుంటయా?" అన్నాను.

గదంతా నవ్వింది.

"అది కాదు బాబూ, ఆ పోటుకి..."

నేను ఆగలేదు. "మూఢనమ్మకాలు సముద్రం దాక మోసుకపోయినవా?" అని మొదలుపెట్టి ఒక ఉపన్యాసమే ఇచ్చాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "మీ ఇష్టం బాబూ. నా పడవ మాత్రం ఇవ్వను" అని పెట్టేశాడు. కొత్తగా పడవ కొని కిరాయికి తిప్పుతున్న ఇంకొకతను ఏ రోజైనా సరే అన్నాడు.

నా స్నేహితుడు లేచి పటం దగ్గరికి వెళ్ళాడు. ఆ సందు మీద వేలు పెట్టి నిలబడ్డాడు.

"జర ఆగు భాయ్. అమావాస్యకు ఆటుపోట్లు ఎక్కువుంటయి గద. నేనే క్లాసుల చెప్త. గాయన గదే చెప్తున్నడేమో."

సూర్యుడూ చంద్రుడూ ఒకే వైపు నిలిచి నీటిని లాగే రోజది. బడి పుస్తకంలో ఉంటుంది. నాకూ తెలుసు. కానీ గది ఇంకా నవ్వుతూ ఉంది, ఆ నవ్వు నాది, దాన్ని వదులుకోబుద్ధి కాలేదు.

"ఏంది సారూ, నీకు గూడ పంచాంగం పట్టిందా?"

మళ్ళీ నవ్వారు. ఆయనా నవ్వాడు. పటం మీంచి వేలు తీసేశాడు. "సరే తియ్. అమావాస్యకే."

నేను వెళ్ళలేదు. ఆ వారం నాకు సభ ఉంది, మూఢనమ్మకాల మీదే. ఆయన్నూ ఇంకో ఇద్దరు మిత్రులనూ నాంపల్లి స్టేషన్‌లో చెన్నై రైలెక్కించి చెయ్యి ఊపాను. అక్కణ్ణుంచి ఓడలో దీవులకు చేరి, అమావాస్య నాడు పడవెక్కారు. రెండో రోజు, సరిగ్గా ఆ సందులో, గాలి పడిపోయింది. తెరచాప వేలాడింది. నీరు వెనక్కి లాగుతున్న వేగానికి చిన్న ఇంజను ఎదురు నిలవలేకపోయింది. పడవ పగడపు దిబ్బకు కొట్టుకుని ఒరిగింది. మిగతావాళ్ళు రాళ్ళు పట్టుకుని బతికారు. ఆయన్ను నీళ్ళు లాక్కుపోయాయి. మూడు రోజులకు దొరికాడు.

మా పత్రికలో సంతాపం నేనే రాశాను. ప్రమాదం అని రాశాను. అమావాస్య ఊసు ఎత్తలేదు. ఎత్తితే జ్యోతిష్కులు పండగ చేసుకుంటారు, ఉద్యమానికి నష్టం అని మిగతా మిత్రులకు చెప్పాను. వాళ్ళూ నోరు మూసుకున్నారు. క్రమంగా గదికి రావడం మానుకున్నారు.

దయ్యాలు లేవు. ఇవాళా అదే చెప్తాను. కానీ మధ్యాహ్నాలు ఆ గదిలో ఒక్కణ్ణే కూర్చుంటే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించేది. ఆయన ఎడమ కాలు కొంచెం ఈడ్చేవాడు, ఆ ఈడ్పుతో సహా. లేచి వెతికాను. కిటికీ పైనున్న రేకు గాలికి గోడను రాసుకుంటోంది. మేకులు కొట్టించాను. చప్పుడు ఆగింది. ఇప్పుడు ఆగిపోయిన చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చుంటున్నాను. నాంపల్లిలో మా ఇంటి ముందు నీళ్ళ ట్యాంకర్ పైపు వదిలితే తలుపు వేసుకుంటాను. పటం గోడ మీదే ఉంది. వేలు ఆనిన చోట చిన్న మరక. పీకేయడానికి నాకు చేతులు రాలేదు.

పోయిన నెల ఒక ఆదివారం ఆయన కూతురు మెట్లెక్కి వచ్చింది. తండ్రి పోయేనాటికి ఇంటర్ చదువుతోంది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, తండ్రిలాగే సాగర్‌లో పడవ నేర్చుకుంది.

"కాకా, డాడీ గీత సగంల ఆగింది. నేను పూర్తి చేస్త. ఇద్దరు దోస్తులు వస్తున్నరు."

"ఎప్పుడు బిడ్డా?"

"అమావాస్యకే. డాడీ లెక్కనే. మమ్మీ ఒకటే ఏడుపు, పోతె పున్నమికి పొమ్మంటది. మీరు జర సమ్‌జాయించున్రి, మీ మాట వింటది."

"అమావాస్య వద్దు, పున్నమీ వద్దు. రెంటికీ నీళ్ళు ఒకే తీరు ఉరుకుతయి. అష్టమి నవములప్పుడు పో, నీళ్ళు నెమ్మదిగ ఉంటయి" అన్నాను. ప్రయాణానికి పనికిరావని పంచాంగం చెప్పే రోజులవి. సముద్రానికి అవే మంచివి.

అక్కడితో ఆపేయవచ్చు. పిల్ల బతుకుతుంది, నా పేరూ బతుకుతుంది. ఆమె పటం వైపు చూస్తూ అడిగింది.

"మరి గిది డాడీకి తెల్వదా? ఫిజిక్స్ సారు గద?"

తెలియదంటే ఆయన మూర్ఖుడవుతాడు. తెలుసంటే ఎనిమిదేళ్ళుగా నేను దాచింది బయటపడుతుంది.

"తెలుసు. చెప్పిండు. గీడనే నిలబడి చెప్పిండు. అమావాస్యకు పడవ ఇయ్యనని అక్కడి తాత గూడ అన్నడు. నేనే నవ్విన. నవ్వి నోరు మూయించిన."

ఆమె ఏడవలేదు. "పడవ ఇయ్యనన్న తాత నంబర్ ఉన్నదా?" అంది. పాత డైరీలో వెతికి ఇచ్చాను. మెట్ల దగ్గర ఆగి, నా వైపు తిరక్కుండా, "డాడీ తొందరపాటుతోని పోయిండని మమ్మీ ఇన్నేండ్లు తిట్టుకుంటుంది. ఆమెకు మీరే చెప్పాలె. నేను చెప్ప" అని దిగిపోయింది.

మర్నాడు ఖైరతాబాద్‌లో వాళ్ళింటికి వెళ్ళి ఆ పిల్ల తల్లికి చెప్పాను. ఆమె అంతా విన్నది. "అన్నా, ఆయన రెండోసారి అడగలేదా?" అంది. అడగలేదన్నాను. "అడగడు. నవ్వితె ఊకుంటడు" అని లోపలికి వెళ్ళిపోయింది. నేను తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. ఆమె నన్ను క్షమించలేదు. క్షమించమని నేనూ అడగలేదు.

ఇది చదువుతున్న నా తోటి హేతువాదులారా, మీ నవ్వుకు జడిసి మాట మధ్యలో మింగేసినవాళ్ళు మీకూ ఉంటారు. వాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. ఇవాళే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఆ మాట మొదటి నుంచి చివరి దాకా చెప్పమనండి. చెప్పినంతసేపూ నోరు మూసుకుని వినండి.