ఆముదం సీసాతో థాయ్ మసాజ్‌కు

బిడ్డ పుట్టిన కొన్నాళ్ళకే నా కుడి భుజం పట్టేసింది. చేయి భుజం కన్నా పైకి ఎత్తబోతే ప్రాణం పోయేది. హైటెక్ సిటీలో పగలంతా కంప్యూటర్ ముందు ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. ఇంటికొచ్చాక ఏడుపొచ్చేది. పిల్ల చేతులు చాస్తే కింద కూర్చుని ఒళ్ళోకి లాక్కోవడమే తప్ప, నిలబడి ఎత్తుకోలేను. మందులు మింగాను, కాపడాలు పెట్టాను. ఇక ఇంతేనేమోనని లోపల భయం.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. ఒక బంద్ నాడు ఆఫీసుకు సెలవిస్తే, పక్క సీటు అమ్మాయి మా ఇంటికొచ్చింది. తనది కోకాపేట, మాది కడప. రాష్ట్రం గురించి రోజూ వాదించుకునేవాళ్ళం, మధ్యాహ్నం అన్నం డబ్బా మాత్రం కలిసే తినేవాళ్ళం.

"అక్కా, జర తయారు కా. కొండాపూర్ల థాయ్ మసాజ్ చేసే పెద్దామె ఉంది. మా అమ్మ నడుము ఆమెనే బాగు చేసింది."

"బంద్ కదమ్మే, ఎవరు తెరిచింటారు?"

"నేను ఫోన్ చేసిన. షట్టర్ సగం దించి కూసుంటదట. ఫికర్ చెయ్యకు."

మర్దనా అంటే మాకు నూనే. పిల్లను ఇంట్లోవాళ్ళకు అప్పగించి, సంచిలో ఆముదం సీసా పెట్టుకుని బయల్దేరాను. ఉద్యమకారులు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. "మా అక్కకు చెయ్యి లేస్తలేదన్నా, జర పోనియ్యండి" అని కోకాపేట పిల్ల అనగానే దారిచ్చారు.

తీరా వెళితే అక్కడ నూనె ఊసే లేదు. వదులైన నూలు బట్టలు వేసుకోమని ఇచ్చి, నేల మీద పరుపేసి పడుకోబెట్టారు. పెద్దామెది థాయిలాండ్, మా అమ్మ వయసు. నా పాదాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. తర్వాత నా పాదాలు పట్టుకుంది.

గబుక్కున కాళ్ళు లాగేసుకున్నాను. పెద్దవాళ్ళు మన కాళ్ళు పట్టుకుంటే పాపం చుట్టుకోదూ? లేచి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టబోయాను. ఆమె కంగారుపడి తన పాదాలు వెనక్కి ముడుచుకుంది. కాళ్ళ విషయంలో వాళ్ళకీ పట్టింపులున్నాయన్నమాట. ఇద్దరం ఒకరి నుంచి ఒకరం కాళ్ళు దాచుకుంటుంటే మా కోకాపేట పిల్ల గోడకానుకుని ఒకటే నవ్వు.

"పండుకో అక్కా! గది ఆమె పని. మొక్కింది నీకు కాదు, విద్య నేర్పిన గురువుకట."

అది విన్నాక మళ్ళీ పడుకున్నాను. నొప్పి భుజంలో ఉంటే పెద్దామె పాదాల నుంచి మొదలుపెట్టింది. బొటనవేళ్ళతో, మోచేత్తో, మోకాలితో తన బరువు నెమ్మదిగా ఆనిస్తూ పైకి వచ్చింది. నేను ఊపిరి వదిలినప్పుడే నొక్కేది, బిగబడితే ఆగేది. ఒక మనిషి ఒంటిని మరొకరు అంత శ్రద్ధగా కనిపెట్టుకుని ఉండగలరని నాకు అప్పటిదాకా తెలియదు. చివరికి చేయి పట్టుకుని, నా ఊపిరితో పాటే మెల్లగా పైకి లాగింది. జబ్బ నా చెవిని తాకింది. ఈ చేయి నాదేనా అని ఆశ్చర్యపోయాను.

ఒక్క రోజుతో తీరిన బాధ కాదది, ఆ తర్వాతా చాలాసార్లు వెళ్ళాను. కానీ ఆ సాయంత్రమే నిలబడి పిల్లను ఎత్తాను. నడుము దాటింది, భుజం దాటింది, ఇంకా పైకి వెళ్ళింది. పుట్టాక అది నా తలను పైనుంచి చూడటం అదే మొదటిసారి. కిందికి వంగి, రెండు పిడికిళ్ళతో నా జుట్టు పట్టుకుని, ఎంత బతిమాలినా వదల్లేదు.