ఇద్దరు పట్టే కారు

మావారు నెహెమ్యా ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసేవారు. జగ్గయ్యపేటలో ఆయన పేరు తెలియని వాళ్ళుంటారు గాని, 'సగం కారు సారు' అంటే ఏ ఆటో అబ్బాయైనా మా ఇంటి ముందు దింపేవాడు. వెనక సీటు లేని, టాపు మడిచిపెట్టే ఎర్రటి కారు అది. హైదరాబాదులో ఒక షెడ్డు మూల పడి ఉంటే చూసి, అడిగి కొని తెచ్చుకున్నారు.

చుట్టాలకు ఆ కారు నచ్చలేదు. మా మరిది స్తెఫనుది వత్సవాయిలో వ్యవసాయం. కనిపించినప్పుడల్లా దెప్పేవాడు.

"అన్నయ్యా, ఆ డబ్బుకి ఏడుగురు పట్టే బండొచ్చేది. వానొస్తే వదిన గొడుగు పట్టుకోవాలా?"

"ఏడుగురితో పోతే మాటలు వినాలిరా. ఇద్దరమే పోతే ఇంజను వినొచ్చు."

మాకు పిల్లలు లేరు. ఆ సంగతి ఎవరూ పైకి అనేవారు కాదు. కారు వంక చూసినప్పుడు మాత్రం వాళ్ళ మొహాల్లో కనపడేది.

ఆదివారం చర్చి అయ్యాక చిల్లకల్లు దగ్గర హైవే పక్కనున్న రామబ్రహ్మం టీ కొట్టులో కూర్చునేవాళ్ళం. హైదరాబాదు నుంచి బెజవాడ వెళ్ళే కార్లన్నీ మావారి ముందు నుంచే పోవాలి. ఇప్పటి కార్లకు మొహం నిండా కోపమేనని ఆయన ఫిర్యాదు. "ఆ హెడ్‌లైట్లు చూడు ఫ్లోరెన్సూ. ఎవరి మీద ఆ కోపం?" అనేవారు. కారు అందం పక్కనుంచి చూస్తే తెలుస్తుందట. ముందు చక్రం మీద మొదలైన గీత తలుపు దాటి వెనక లైటు దాకా ఎక్కడా తడబడకుండా పోవాలట. ముందు బండివాడి వెనక హారన్ కొట్టడం, భోంచేస్తున్నవాడి వీపు మీద చరచడం ఆయనకు ఒకటే.

ఒకసారి పసుపురంగు స్పోర్ట్సు కారొకటి రోడ్డుకు అతుక్కున్నట్టుగా, కొట్టు రేకులు అదిరేలా దూసుకుపోయింది.

"అదీ సార్ కారంటే!" అన్నాడు రామబ్రహ్మం. "దాని ముందు మీది తోపుడు బండండీ."

"తిన్నగా పోవడానికేముందయ్యా, తొక్కితే ఎవడైనా పోతాడు. మలుపులో పక్కసీటు మనిషి కాళ్ళు బిగబట్టుకుందా లేదా, అది చెప్పు."

రామబ్రహ్మం నా కాళ్ళ వంక చూసి, నవ్వాపుకుంటూ టీ వడకట్టడానికి వెళ్ళిపోయాడు.

మా వీధిలో ఫ్యాక్టరీ లారీలు తిరుగుతాయి. తెల్లారేసరికి కారు మీద బూడిదరంగు పొడి పరుచుకుని ఉండేది. ఆయన సైకిలు పంపుతో ఆ పొడిని ఊది, మెత్తటి బ్రష్షుతో దులిపి, చివరికి నా పాత శాలువాతో తుడిచేవారు. అది పూర్తయ్యేదాకా చుక్క నీరు తగలనిచ్చేవారు కాదు. "సిమెంటుకి నీళ్ళు చూపించకూడదు. చూసిందంటే దాని పని అది చేసుకుపోతుంది" అనేవారు.

తర్వాత షుగరు కళ్ళలోకి వచ్చింది. బెజవాడలో సూదులు వేయించుకున్నా చూపు నిలవలేదు. ఉద్యోగం వదిలేసినప్పుడు కూడా అంత దిగులు పడలేదు గాని, తాళం చెవులు నా చేతిలో పెట్టిన రోజు అన్నం సరిగ్గా తినలేదు.

"నిలబెట్టొద్దు ఫ్లోరెన్సూ. నువ్వు తోలు, లేదా తోలేవాడికి ఇచ్చెయ్. నిలబెట్టడం మాత్రం వద్దు."

నందిగామ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన నేను, ఆ వయసులో స్టీరింగు పట్టుకున్నాను. ఆయన ఎడంవైపు కూర్చుని చెవులతో నేర్పారు. ముక్త్యాల రోడ్డులో రెండు మలుపులు వరసగా వస్తాయి. మొదటిదాని దగ్గర ఇంజను గొంతు మారగానే, గేరు తగ్గించమని "రెండులోకి రా" అనేవారు. ఎప్పుడూ ఆయనకంటే ముందు నాకు తట్టలేదు. తిట్టేవారు కాదు, డాష్‌బోర్డు మీద వేలితో తట్టేవారు. అలా మూడు వేసవులు తిరిగాం.

ఆయన పోయాక కారు షెడ్డులో నిలబడిపోయింది. తాళం చెవి తీసుకుని షెడ్డు దాకా వెళ్ళి, ఎడంసీటు చూసి వెనక్కి వచ్చేసేదాన్ని. పొడి పేరుకుంది. స్తెఫను నా కష్టం చూసి బేరం కుదిర్చాడు. కొనడానికొచ్చిన తేజస్‌ది నందిగామే, ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాడు.

"పెయింట్ ఒరిజినలే కదండీ? అయితే చాలు" అన్నాడు.

"తోలతారా బాబూ?" అనడిగాను.

"అయ్యో, రోడ్డెక్కిస్తానాండీ! గాజు గది కట్టించా. లైటింగ్ కూడా పెట్టించా."

శనివారం వచ్చి తీసుకెళ్తానన్నాడు. నిలబెట్టొద్దన్న మాట ఆ అబ్బాయికి ఎలా చెప్పాలో తెలియక తలూపాను.

శనివారం నేను లేచి వచ్చేసరికి స్తెఫను పంచె ఎగ్గట్టి, పైపుతో కారు మీద నీళ్ళు కొడుతూ గోనెసంచితో రుద్దుతున్నాడు. వత్సవాయిలో ట్రాక్టరు కడిగేది అలాగే.

"ఉండు వదినా, తళతళలాడించేస్తా!"

అప్పటికే అంతా అయిపోయింది. ఎండెక్కేకొద్దీ ఎరుపు మీద బూడిదరంగు పెచ్చులు తేలాయి. వాటి మధ్య గోనె గీసిన గీతలు, తలుపు నుంచి వెనక లైటు దాకా. తేజస్ వచ్చి వేలితో గీకి చూశాడు.

"ఇది గాజు గదిలో పెట్టేలా లేదండీ" అని, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

స్తెఫను తడిపంచెతోనే మెట్టు మీద కూలబడ్డాడు.

"మా ఊళ్ళో దుమ్మంటే దుమ్మే వదినా. అన్నయ్య ఎన్నిసార్లు చెప్పాడో. నవ్వి ఊరుకునేవాణ్ణి."

వాడు ఏడుస్తుంటే కాఫీ కలిపి ఇచ్చాను. అన్నదమ్ములిద్దరివీ ఒకటే చెవులు. వంచిన తల పక్కన అవే కనపడ్డాయి.

మర్నాడు చర్చి నుంచి వచ్చి కారు బయటికి తీశాను. టీ కొట్టు ముందు ఆపితే రామబ్రహ్మం పెచ్చుల వంక చూసి, "సగం కారుకి అమ్మవారు పోసిందేంటమ్మా?" అనేసి, వెంటనే నాలిక కరుచుకున్నాడు. టీ తాగి ముక్త్యాల రోడ్డు పట్టాను. టాపు తీసే ఉంది. ఎడంసీటు బెల్టు గాలికి తలుపుకేసి కొట్టుకుంటోంది.

మొదటి మలుపు వచ్చింది. ఇంజను గొంతు మారింది. రెండులోకి రమ్మని ఎవరూ అనలేదు. బండి మూలిగాక, కొంచెం ఆలస్యంగా, నేనే వచ్చాను.