చెరకు బండి వెనక పెట్టె

నా చిన్నప్పుడు మా ఇంటి పెరటికీ ఎస్టేటు చెరకు తోటకీ మధ్య రైలు పట్టాలు ఉండేవి. మారిషస్ దీవిలో తూర్పు వైపు, బాన్ అక్యూయ్ దాటి లోపలికి వెళితే వచ్చే చిన్న ఊరు మాది. ఊరంటే ఎస్టేటులో చెరకు నరికేవాళ్ళ ఇళ్ళే. మా తాతలు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి అక్కడే ఉండిపోయారు. కోతల కాలంలో ఆ పట్టాల మీద చెరకు నింపిన బండ్లు మిల్లుకి వెళ్ళేవి. ఆ బండ్ల వెనక మనుషుల కోసం ఒక పెట్టె తగిలించేవారు. కోతలు లేని నెలల్లో ఇంజను ఆ ఒక్క పెట్టెనే లాక్కుంటూ వచ్చేది.

అది మిల్లు దాటి, పెద్ద లైను కలిసే స్టేషను దాకా పోయేది. అక్కడ బండి మారితే పోర్ట్ లూయిస్. మా అమ్మ ఆకుకూరల బుట్ట పట్టుకుని బజారుకి వెళ్ళేది ఆ పెట్టెలోనే. చలిజ్వరం వచ్చినవాళ్ళు గొంగళి కప్పుకుని ఆస్పత్రికి వెళ్ళేది ఆ పెట్టెలోనే. చెక్క బల్లలు, కిటికీలకి అద్దాల్లేవు, వాన వస్తే అందరం ఒక పక్కకి జరిగి కూర్చునేవాళ్ళం. అయినా దానిలో ఎక్కితే మేమూ లోకంలో ఉన్నామనిపించేది.

ఆ పెట్టె వల్ల ఎవరికీ లాభం లేదని నాకు పెద్దయ్యాక తెలిసింది. టికెట్ల మీద వచ్చేది బొగ్గుకైనా సరిపోయేది కాదట. ఆ లోటు సర్కారు భరించేది. పట్టాల బాగోగులు మాత్రం సర్కారూ ఎస్టేటూ కలిసి చూసుకోవాలని ఒప్పందం. ఇద్దరూ వాడుకునే దారి కాబట్టి ఇద్దరూ చూడాలి. అప్పట్లో నాకు తెలిసిందల్లా మా చిన్నమామ రోజూ సమ్మెట భుజాన వేసుకుని పట్టాల వెంట వెళ్ళడం, కుంగిన చోట రాళ్ళు కూరడం, వదులైన బోల్టులు బిగించడం. ఆయన మా నాయన చెల్లెలి భర్త. మా చిన్నత్తా ఆయనా మా ఇంట్లోనే వెనక గదిలో ఉండేవారు. నాకు రోజూ జడ వేసేది చిన్నత్తే. నా జుట్టు ఎంత చిక్కుపడినా విసుక్కోకుండా, వేళ్ళతో ఒక్కొక్క పాయా విడదీసేది.

ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చింది. మా ఊరి దగ్గర వాగు మీది తూము కొట్టుకుపోయింది. మిల్లు అవతల గట్టు కూడా తెగిందని చెప్పుకున్నారు. బండి ఆగిపోయింది. ఇదివరకు తుఫాన్లు వచ్చినప్పుడు వారం తిరక్కుండా బాగుచేసేవారు. ఈసారి ఎవరూ రాలేదు. పైగా చిన్నమామనీ, ఆయనతో పనిచేసేవాళ్ళనీ ఇక రావద్దన్నారు.

కొన్నాళ్ళకి ఇద్దరు దొరలు తెగిన తూము చూడడానికి వచ్చారు. ఒకాయన సర్కారు వైపు, ఒకాయన ఎస్టేటు వైపు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ వెళ్ళి నిలబడ్డారు. ముందు నిలబడింది మా పక్కింటి పెద్దమ్మ. ఆమె మాకు రక్తసంబంధం ఏమీ కాదు, ఊరందరికీ పెద్దమ్మే. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. శనివారం రామభజనలో పాట ముందుగా అందుకునేది ఆమె. ఆ గొంతు చెరకు తోట అవతలికి వినిపించేది.

"మిస్యే, మా బండి ఎప్పుడు వస్తాది?" అని అడిగింది. దొరని అక్కడ మిస్యే అంటారు.

సర్కారు దొర తన బూటుతో పట్టాని తట్టి, దీన్ని ఇలా కుంగదీసింది చెరకు బరువేనని, బాగుచెయ్యాల్సింది ఎస్టేటేనని అన్నాడు. "పా మో జఫేర్," అని చేతులు దులిపేసుకున్నాడు. నా పని కాదు అని అక్కడి వాడుకభాష క్రెయోల్లో దానర్థం. ఎస్టేటు దొర నవ్వి, మనుషుల పెట్టె సర్కారుదే కదా, అది నడిచే దారీ సర్కారే చూసుకోవాలన్నాడు. ఆయనా అదే మాట అన్నాడు. "పా మో జఫేర్." ఇద్దరూ ఒకే మోటారు కారులో వచ్చారు, ఒకే కారులో వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక అందరూ గుసగుసలాడుతూ ఇళ్ళకి మళ్ళుతుంటే పెద్దమ్మ తూము దగ్గరే ఉండిపోయింది. మామని పిలిచి అడిగింది. "ఇది మనం కట్టలేమేట్రా?"

"కట్టొచ్చు పెద్దమ్మా. రాళ్ళు గావాలి, చేతులు గావాలి."

"రాళ్ళకేటి కరువు? చేలనిండా రాళ్ళే గదా."

నిజమే. ఎస్టేటు చేలల్లో ఏరి గుట్టలు పోసిన నల్లరాళ్ళు మా తాతల నాటి నుంచీ అలాగే పడి ఉన్నాయి. మర్నాటి నుంచి ఆడవాళ్ళు పొలం పని అయ్యాక బుట్టలతో రాళ్ళు మోశారు. ఆదివారాలు మగవాళ్ళూ కలిశారు. పెద్దమ్మ భజన పాటలు అందుకునేది, మేము పలికేవాళ్ళం, పాటకి తగ్గట్టు రాళ్ళు చేతులు మారేవి. నిండు నెలలకి దగ్గరపడుతున్న చిన్నత్త టీ కాచి గిన్నెతో తెచ్చేది. మామ దూలాలు అమర్చి, తూము కట్టి, వంగిన పట్టా సరిచేశాడు. తన పని తనకి తిరిగి వచ్చినంత సంబరం ఆయనకి. మా ఊరి నుంచి మిల్లు దాకా గడ్డి కోసి, రాళ్ళు కూరి దారి తీర్చాం. మేం బాగుచేశామని తెలిస్తే మిగతాది వాళ్ళే చేస్తారని పెద్దమ్మ నమ్మింది. ఆమె నమ్మిందని అందరం నమ్మాం.

కోతలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం తోట మీదుగా పొగ కనిపించింది. ఊరంతా పరిగెత్తింది. పిల్లలం కేకలు వేశాం. చిన్నత్త కడుపు మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఇంజను మేం కట్టిన తూము మీదికి వచ్చింది, దాటింది. తూము కదలలేదు. మామ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఆ వెనక ఖాళీ చెరకు బండ్లు ఒకటొకటిగా పోతున్నాయి. మేమంతా పెట్టె కోసం చూస్తున్నాం. ఆఖరి బండి కూడా వెళ్ళిపోయింది. దాని వెనక ఏమీ లేదు.

ఆ సాయంత్రం ఎస్టేటు కూలీల మీద పెత్తనం చేసే సర్దారు బియ్యం బస్తా ఒకటి ఎడ్లబండిలో తెచ్చి దించాడు.

"పెట్టె ఏదిరా?" అంది పెద్దమ్మ.

"పెట్టె ఇంక రాదు పెద్దమ్మా. పెద్ద రోడ్డు మీద బస్సులు వచ్చాయి గదా, ఈ పెట్టెకి డబ్బెందుకని సర్కారు ఆపేసింది. డబ్బు రానిదే ఎవరు లాగుతారు?"

"మన ఊరికి బస్సు వస్తాదా?"

"ఈ బురదలోకి బస్సు ఎలా వస్తాది?"

"మరి దారి బాగుచేసింది మేము గదరా!"

"చేశారు. అందుకే మిస్యే సంతోషించి బియ్యం పంపాడు."

బస్తా వెనక్కి పంపాలన్నారు కొందరు. కానీ ఆ ఏడు తుఫాను అందరి పెరళ్ళూ ఊడ్చేసింది. చివరికి బస్తా విప్పి పంచుకున్నారు. మా అమ్మ ఆ బియ్యం వండింది. మామ కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, అలాగే చాలాసేపు చూసి, తిన్నాడు.

చిన్నత్తకి నొప్పులు వచ్చింది ఆ కోతల కాలంలోనే. ముందు రోజు నుంచీ జ్వరం. తెల్లవారేసరికి ఒళ్ళు కాలిపోతోంది, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. "లోపితాల్‌కి తీసుకుపోండి, నా చేతిలో లేదు," అంది. ఆస్పత్రికి ఎలా తీసుకుపోవాలి? ఎడ్లబండి దారిలో మోకాలి లోతు బురద.

పెద్దమ్మ తన ఎర్రచీర కొంగు పట్టుకుని పట్టాల మధ్య నిలబడింది. చెరకు బండి వచ్చే వేళ అది. ఇంజను కూత వేస్తూనే వచ్చింది. ఆమె కదలలేదు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బండి ఆమెకి రెండు బారల దూరంలో ఆగి ఉంది. డ్రైవరు దిగి తిట్టబోయి, మామ చేతుల్లో చిన్నత్తని చూసి ఆగిపోయాడు.

"ఈ బండి మిల్లు దాకే పోతుంది," అన్నాడు. "అవతల గట్టు ఎవరూ కట్టలేదు."

"మిల్లు దాకే తీసుకుపో నాయనా. అక్కడ ఎవరో ఒకరు పూనుకుంటారు."

చెరకు మీద గొంగళి పరిచి చిన్నత్తని పడుకోబెట్టారు, మామ పక్కనే ఎక్కాడు. "నువ్వూ ఎక్కవే, అత్త మొహానికి నీడ పట్టు," అని పెద్దమ్మ నన్ను పైకెత్తింది. దారి పొడుగునా చెరకాకులు గొడుగులా పట్టుకుని కూర్చున్నాను. చిన్నత్త నా వైపు చూసి, "నీ జడ ఎవరేశారే, వంకరగా ఉంది," అంది. మేం సర్దిన రాళ్ళ మీద బండి మెత్తగా పోయింది. ఎక్కడా కుదుపు లేదు.

మిల్లు దగ్గర అందరూ పరిగెత్తారు, అది చెప్పాలి. ఎవరూ చెడ్డగా ప్రవర్తించలేదు. ఒకరు నీళ్ళు తెచ్చారు, ఒకరు దొర కారు కోసం వెళ్ళారు. దొర కారులో పట్నం వెళ్ళి ఉన్నాడు. ఎద్దులన్నీ చేలల్లో ఉన్నాయి. మామ చిన్నత్తని ఎత్తుకుని పట్టాల వెంట, ఆస్పత్రికి దారైన స్టేషను వైపు నడిచాడు. కొంత దూరంలో గట్టు తెగిపోయి పట్టాలు గాలిలో వేలాడుతున్నాయి, కింద నీళ్ళు. అక్కడే నిలబడిపోయాడు. వెనక నుంచి ఎవరో ఎడ్లబండి దొరికిందని అరిచారు. అప్పటికి చిన్నత్త చెయ్యి మామ భుజం మీద నుంచి జారిపోయింది.

బిడ్డా బతకలేదు. బండి ఆపినందుకు ఆ డ్రైవరుని పని నుంచి తీసేశారని తర్వాత విన్నాం. మామ దినాలు అయ్యాక టేర్ రూజ్‌లో వాళ్ళ అన్న దగ్గరికి వెళ్ళాడు. మళ్ళీ మా ఊరు రాలేదు.

ఆ తర్వాత ఒకరోజు పెద్దమ్మ ఖాళీ బుట్టతో ఒక్కతీ మిల్లు వైపు వెళ్తుంటే నేను వెనక పడ్డాను. తెగిన గట్టు దగ్గర కూర్చుని రాళ్ళు పేరుస్తోంది. ఒక్క మనిషి కట్టగలిగే గట్టు కాదు అది. ఆమె పోసిన రాళ్ళు నీళ్ళలో పడి కనిపించకుండా పోతున్నాయి.

"పెట్టె రాదు గదా పెద్దమ్మా, ఎందుకు?" అన్నాను.

ఆమె ఒక రాయి పేర్చింది. "తెలుసే," అంది. "నేను మిల్లు దాకా చాలనుకున్నాను. వాళ్ళు చేస్తారులే అని ఇక్కడ ఆపీసాను." ఇంకో రాయి పెట్టింది. "ఇంట్లో కూకుంటే అదే గుర్తొస్తాది. కీ పు ఫేర్?" ఏం చెయ్యను అని నన్నే అడిగినట్టు చూసింది.

నేను బుట్ట అందుకుని రాళ్ళు ఏరాను. ఆ రోజు ఆమె పాట పాడలేదు. తర్వాత శనివారాల్లోనూ ఇంకెవరో పాట అందుకునేవారు, ఆమె వెనక వరసలో పెదవులు కదిపేది. వానలు రాగానే మేం పేర్చిందంతా పోయింది. కొన్నేళ్ళకి ఎస్టేటు లారీలు కొన్నది, పట్టాలు పీకించి ఆ దారిలో కూడా చెరకు వేసింది. అది చూడడానికి పెద్దమ్మ లేదు, జ్వరంలో పోయింది.

ఇప్పుడు నాకు వయసు మీద పడింది. నడిచే దారిలో రాయి లేచి ఉంటే వంగి సరిచేస్తాను, పక్కవీధి కాలవ పూడితే కర్రతో కదుపుతాను. నా మనవలు నవ్వుతారు, అది మున్సిపాలిటీ పని కదా నానమ్మా అంటారు. అవునంటాను. నేను చేసినంత మాత్రాన ఏదో నిలబడుతుందన్న ఆశ నాకు లేదు. పెద్దమ్మ దగ్గర వంగడం నేర్చుకున్నాను. ఆశ కూడా ఇచ్చి ఉండేదేమో, కానీ నేను బుట్ట అందుకునే సమయానికి ఆమె దగ్గరే అది మిగల్లేదు.