బోరు నీళ్ళు, వెలుగు తీగ

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను నరసరావుపేటలోని ఒక ఫార్మసీ కళాశాలకు పరిశోధన విభాగాధిపతిగా వేశారు. అంతవరకు నా సర్వీసంతా మాత్రల తయారీ చెప్పడంలోనే గడిచింది. ఇక్కడ నా కిందకు వచ్చిన మొదటి పరిశోధకురాలు షమీమ్. పిడుగురాళ్ల లారీ మెకానిక్ గారమ్మాయి. ఆమె పీహెచ్‌డీ అంశం హైడ్రోజెల్‌తో వెలుగు తీగలు చేయడం.

హైడ్రోజెల్ అంటే ఎక్కువ భాగం నీరే ఉండే మెత్తటి పదార్థం. పట్టుకుంటే తాటి ముంజలా ఉంటుంది. ప్రయోగశాలలో కొత్త కణజాలం పెంచేటప్పుడు కొన్ని కణాలకు వెలుగు తగిలించి పని చేయించాలి. కానీ వెలుగు మాంసంలో లోతుకు పోదు. గాజు తీగ దింపితే గుచ్చుకుంటుంది, కణజాలం ఓర్చుకోదు. జెల్ తీగ అయితే మెత్తగా ఇముడుతుంది. లోపల గాఢమైన జెల్ తీగ, దాని మీద సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌తో పల్చటి తొడుగు. ఈ రెండూ కలిసే అంచు నునుపుగా ఉంటే వెలుగు బయటికి పోకుండా లోపలికే మళ్లుతూ చివరిదాకా సాగుతుంది.

షమీమ్ తీగలో వెలుగు సగంలోనే పక్కలకు కారిపోయేది. సమీక్ష సంఘంలో బయటి కళాశాల ప్రొఫెసరు ఒకాయన ఉండేవారు. మాట కారం, పని నిక్కచ్చి. వచ్చే సమావేశానికి తీగ వెలగకపోతే అంశం మార్చి మాత్రల మీద పెట్టమని తేల్చేశారు. అదే జరిగితే ఆ పిల్ల కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు సరికదా, చెడిన తీగలన్నీ మైక్రోస్కోపు కింద పెట్టుకు కూర్చుంది. సాయంత్రం నా గదికి వచ్చి, "లోపలి తీగ బాగుంది సార్, తొడుగూ బాగుంది. రెంటి మధ్యనే గడ్డలు" అంది.

తొడుగు వేసే ముందు లోపలి తీగను కడుగుతారు. ఆ పని అటెండరు యేసురత్నానిది. పిలిచి అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు. "డిస్టిల్డ్ వాటర్ మిషను సున్నం పట్టి రిపేరుకు పోయింది గదండీ. గుంటూరు నుంచి తెచ్చే క్యాన్లు చానా పొదుపుగా వాడమన్నారు. కడగటానికి ఎందుకులే అని బోరు నీళ్ళు పట్టానండి."

షమీమ్ పకపకా నవ్వింది. "బాబాయ్, బోరు నీళ్ళతో పప్పు ఉడుకుద్దా?"

"యాడ ఉడుకుద్దమ్మా! ఎంతసేపు పెట్టినా పలుకే."

"ఇదీ అంతే."

ఈ సున్నపురాతి నేలలో బోరు నీళ్ళ నిండా కాల్షియమే. పప్పును ఉడకనివ్వనిది అదే, ఆల్జినేట్‌ను గడ్డకట్టించేదీ అదే. తొడుగు గట్టిపడటానికి మేమే కాల్షియం వాడతాం, కాని తొడుగు సమంగా పరుచుకున్నాక, బయటి నుంచి. ఇక్కడ లోపలి తీగ ముందే ఆ నీళ్ళు పీల్చుకుని ఉండటంతో తొడుగు ఎక్కడికక్కడ ఉండలు కట్టింది. ఔరా అనుకున్నాను. ఎందరో ర్యాంకర్లకు పాఠం చెప్పాను గాని, పప్పు గిన్నెకూ మైక్రోస్కోపుకూ ఇంత చటుక్కున లంకె వేసిన బుర్రను చూడలేదు.

సమావేశం రోజున షమీమ్ కోడిమాంసం ముక్క తెప్పించింది. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి చేసిన తీగను అందులో వంపుగా దూర్చి, ఒక కొసకు పచ్చ లేజరు పెట్టింది. లైట్లు తీసేశాం. రెండో కొసన పచ్చటి చుక్క నిలకడగా వెలిగింది. "స్తోత్రం" అన్నాడు యేసురత్నం, పైకే.

ప్రొఫెసరు గారు మాత్రం కదల్లేదు. ఒకసారి వెలగడం అదృష్టం కూడా కావచ్చన్నారు. షమీమ్ పక్కనున్న డబ్బా మూత తీసింది. బోరు నీళ్ళతో కడిగి చేసిన తీగను కూడా ముందే సిద్ధం చేసుకుంది! అదే ముక్కలో దాన్ని దూర్చి అదే లేజరు పెట్టింది. రెండో కొస చీకటిగానే ఉంది. ఆయన లైటు వేయించి, అంశం మార్చనక్కర్లేదని రాసి సంతకం పెట్టారు.

చెడిన పని బాగైతే చాలు, కారణం దొరికిందనుకుంటాం. ఆ కారణంతోనే పనిని కోరి మళ్ళీ చెడగొట్టి చూపగలిగితేనే దొరికినట్టు. ఆ తర్వాత పదవీ విరమణ దాకా నా దగ్గరి పరిశోధకులెవరూ బాగైన తీగ ఒక్కటే పట్టుకుని సమీక్షకు వెళ్ళలేదు.